దళసరి తొక్క పండు

మా తమ్ముడికి కిడ్నీ ఇస్తానన్నప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే. ఎవరూ నన్ను త్యాగమూర్తి అనకూడదు. పదవీ విరమణ సభల్లో ఆ మాట అనిపించుకున్న వాళ్ళలో చాలామందిని నేను స్టాఫ్ రూములో దగ్గరి నుంచి చూశాను. అందుకని ఎవరైనా ఆ మాట ఎత్తబోతే, రెండెందుకు నాకు, ఒకటి చాలు అని నోరు మూయించేదాన్ని. మా ఊరున్న బోగోలు మండలంలోనే ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మనిషి బతకడానికి ఒక మూత్రపిండం చాలునని ఏటేటా పదో తరగతికి చెప్పి, పరీక్షలో అడిగి, రాయనివాళ్ళను తిట్టిన మనిషిని. తీరా నా దాకా వచ్చేసరికి చాలదని ఎట్లా అంటాను?

తమ్ముడు ఏమీ అనలేదు. వాడు ఎప్పుడూ ఏమీ అనడు.

వాడు పడవల మీద పేర్లు రాస్తాడు. ఒడ్డుకు చేర్చిన ఫైబర్ బోటు పక్కన చెక్క స్టూలు వేసుకుని, పెన్సిలు గీత కూడా కొట్టకుండా, చేత్తో అక్షరాలు దించుతాడు. అమ్మవార్ల పేర్లు, పిల్లల పేర్లు, దేవుని కృప, రిజిస్టరు నంబరు, ఏది రాయమన్నా ‘ఊఁ’ అంటాడు, రాస్తాడు, వచ్చేస్తాడు. పెళ్ళిలో ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా అని అయ్యగారు అడిగితే తలూపాడు. మా సంఘంలో పాస్టరును అయ్యగారు అంటాం. తలూపితే చెల్లదు నాయనా, నోటితో చెప్పాలి అని ఆయన బతిమాలాక ‘ఊఁ’ అన్నాడు. ఆ విషయం మీద మా ఆయన నోరు విప్పడం అదే మొదలు, అదే చివర అని మా మరదలు ఇప్పటికీ చెబుతుంది.

చర్చిలో వాడి చోటు చివరి వరుస, చెప్పులు విడిచే గుమ్మం పక్కన. కొత్త సంవత్సరం ఆరాధనలో అందరూ లేచి తలా ఒక బైబిలు వాక్యం చెప్పాలి. వాడు ఉన్న వాక్యాల్లోకెల్లా చిన్న వాక్యం ఏరుకుని చెప్పి కూర్చునేవాడు. మా అమ్మ బతికున్న రోజుల్లో, వీడికి దేవుడు నోట్లో పెట్టాల్సిందంతా చేతిలో పెట్టేశాడని అనేది. నాకూ వాడంటే అదే లెక్క. వాడి చెయ్యి బాగుంటే వాడు బాగున్నట్టు.

బీపీ ఎప్పటి నుంచి ఉందో వాడు చెప్పలేదు, మేము అడగలేదు. తెలిసేసరికి రెండు కిడ్నీలూ పనికిరాకుండా పోయాయి. కొన్నాళ్ళు నెల్లూరుకు డయాలసిస్ కోసం తిరిగాడు. మరదలికి షుగరు, ఆమెది పనికిరాదన్నారు. నాది సరిపోయింది. చెన్నైలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. నా కిడ్నీ వాడిలో పెట్టిన వెంటనే పనిచేయడం మొదలుపెట్టిందట. అది నాకేమీ ఆశ్చర్యం కాదు, మా ఇంట్లో పని చెప్పించుకునే అలవాటు ఎవరికీ లేదు.

ఇంటికి పంపేముందు మమ్మల్ని కూర్చోబెట్టి ఒక డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. చిన్న వయసు, ఓపిక ఎక్కువ. తమిళావిడే అయినా తెలుగు కొంచెం నేర్చుకుంది. కొత్త కిడ్నీని ఒళ్ళు పరాయిదని తరిమేయకుండా ఉండాలంటే మాత్రలు జీవితాంతం వేళకు వేసుకోవాలి. ఒక్క పూట మానినా కిడ్నీ మీదికి వస్తుంది. ఆ మాత్రల వల్ల చేతులు వణకవచ్చు, నిద్ర తగ్గవచ్చు, మనసు కూడా కొంచెం అటూ ఇటూ కావచ్చు. అట్లా అయితే వెంటనే చెప్పండి అంది. ఈయన మనసు అటూ ఇటూ అయితే మనకు తెలిసేదెట్లా అని మరదలు నా చెవిలో అడిగింది.

తిండి దగ్గరకు వచ్చేసరికి డాక్టరమ్మ, బయట కోసిన పండ్లు వద్దు, తొక్క దళసరిగా ఉండి ఇంట్లో ఒలుచుకునే పండ్లే తినాలి అంది. తొక్క పలచనైతే సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. గ్రేప్‌ఫ్రూట్ అనే పండు మాత్రం ముట్టకూడదు అంది. అది మేము జన్మలో చూడని పండు. వెంటనే ఒప్పేసుకున్నాం. తినని పండును మానడంలో ఉన్న సుఖం మరి దేంట్లోనూ లేదు.

నేను ఆవిడను అడిగిన ప్రశ్న ఒక్కటే, చెయ్యి మళ్ళీ మామూలవుతుందా అని. అప్పటికే వాడు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుంటే నీళ్ళ మీద చిన్న చిన్న రింగులు లేచేవి. మందు మోతాదు తగ్గేకొద్దీ తగ్గుతుంది, ఎక్కువైతే మాత్రం చూసుకోవాలి అంది. నాకు అదే దిగులు. కిడ్నీ ఇచ్చింది పడవల మీద అక్షరాలు దించే, నోరు విప్పని తమ్ముడి కోసం. ఆ తమ్ముడే తిరిగి రావాలి. వేరే మనిషి వస్తే ఏం చేసుకోను?

ఇంటికి వచ్చాక మరదలు డాక్టరమ్మ మాటను అక్షరం పొల్లు పోకుండా పట్టుకుంది. ద్రాక్ష, జామ, రేగుపండు గడప దాటి లోపలికి రాలేదు. అరటిపండును చేత్తో నొక్కి చూసి, ఇదేం తొక్క వదినా, కాగితం లాగుంది అని పక్కన పెట్టింది. దానిమ్మ పాసయింది, బత్తాయి అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఆ తర్వాత ఒకరోజు పొరుగింటి పెరటి గోడ మీద నుంచి పంపర పనస కాయ ఒకటి కనబడింది. కోసి చూస్తే తొక్కే బొటనవేలంత మందం. ఇంతకు మించిన దళసరి తొక్క దేవుడి సృష్టిలో లేదని మేమిద్దరం ఒక అభిప్రాయానికి వచ్చాం. జీవశాస్త్రం టీచరుగా నేను ఆమోదముద్ర కూడా వేశాను. మరదలు తొక్క ఒలిచేది, నేను తొనల మీద పొర తీసి గింజలు ఏరేదాన్ని, వాడు తినేవాడు. వాడికి నచ్చిందో లేదో తెలియదు, ‘ఊఁ’ అన్నాడు.

కొన్ని రోజులకు వాడు మళ్ళీ బ్రష్షు పట్టాడు. ఒడ్డుకు నేనూ వెళ్ళాను. మొదటి అక్షరం దించుతుంటేనే గీత వంకర్లు పోయింది. సున్నా చుట్టబోతే అది నాలుగు మూలల సున్నా అయింది. వాడు బ్రష్షు దించి చేతిని చూసుకున్నాడు. బోటు యజమాని వెనక్కి నడిచి, తల పక్కకు వంచి చూసి, అలల డిజైనా అన్నా, బాగుండాదే, నంబరు కూడా ఇట్టనే రాయి అన్నాడు. తర్వాత అతని బావమరిది వచ్చి తన బోటుకూ అలల అక్షరాలే కావాలన్నాడు. అట్లా వణుకుతో రాసిన బోట్లు మా ఒడ్డున ఇప్పటికీ తిరుగుతున్నాయి.

ఇంతలో కోతల పండుగ వచ్చింది. మా వైపు వరి కోతకు రావడానికి ఇంకా చాలా కాలం ఉంటుంది గానీ, ఎప్పుడో మిషనరీ దొరలు పెట్టిన నెలలోనే పండుగ చేస్తాం. ఆరోజు ఇంటింటి నుంచీ ప్రథమ ఫలాలు తెస్తారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, బియ్యం, కోళ్ళు, రొయ్యల బుట్టలు అన్నీ బలిపీఠం ముందు పేర్చి, ఆరాధన అయ్యాక చర్చి ముందు వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళు తీసుకెళ్ళకుండా మళ్ళీ దేవుడికే ఇస్తే మళ్ళీ వేలం. ఒక కోడిపుంజు ఇట్లా మధ్యాహ్నం దాకా అమ్ముడుపోతూ, ఎండకు సొమ్మసిల్లి, చివరికి అయ్యగారి ఇంటికే చేరడం నాకు తెలుసు. వేలంలో పాడిన పండు మామూలు పండు కాదు, దీవెన ఉన్న పండు. దాన్ని ఇంట్లో జబ్బుగా ఉన్నవాళ్ళకు పెడతారు.

ఆ ఏడు మా తమ్ముడు పంపర పనస తింటున్నాడన్న సంగతి సంఘమంతా తెలుసు. మా ఊళ్ళో ఒకరి ఇంట్లో చెంబు కింద పడితే ఇంకొకరింట్లో ఎవరి చెంబు అని అడుగుతారు. పెరట్లో చెట్టున్న ప్రతివాళ్ళూ కాయలు తెచ్చారు. వేలంలో పాడినవాళ్ళంతా వరసగా వచ్చి మా తమ్ముడి కాళ్ళ దగ్గర పెట్టి వందనాలు చెప్పి వెళ్ళారు. మరదలు కళ్ళు తుడుచుకుంది. పండ్లను ఆటోలో ఎక్కించి, మేము నడిచి వచ్చాం.

ఆ ఆరాధనలోనే ఇంకో సంగతి జరిగింది. దేవుడు చేసిన మేలును అందరి ముందు సాక్ష్యంగా చెప్పే సమయంలో మా తమ్ముడు చివరి వరుసలోంచి లేచాడు. బయటికి పోతున్నాడనుకున్నాను. వాడు ముందుకు నడిచి మైకు పట్టుకున్నాడు. చెయ్యి వణుకుతుంటే మైకు స్టాండుకు కొట్టుకుని చప్పుడు చేస్తోంది. ముందు వరుసలో ఒక ముసలావిడ పరిశుద్ధాత్మ దిగిందని గట్టిగా స్తోత్రం చెప్పింది.

"చిన్నప్పుడు మా ఇంట్లో వంజరం చేప తెస్తే, నడుముక్క నాకేసి, మా అక్క తలకాయ తినేది. నాకు తలకాయంటేనే ఇష్టంరా అనేది" అన్నాడు. "అది అబద్ధం. మా అక్కకు తలకాయ ఇష్టం లేదు. నాకు అప్పుడే తెలుసు. తెలిసే నేను నడుముక్క తిన్నా. ఇప్పుడు కిడ్నీ ఇచ్చేటప్పుడు గూడా రెండెందుకు నాకు అనింది. అదీ అబద్ధమే. మా అక్క భయపడింది. ఆపరేషన్ ముందర కుర్చీలో కూర్చోని కొంగు వేలికి చుట్టుకుంటా ఉండింది. నేను చూసినా."

నేను ఏడ్చాను. స్కూలు పిల్లలున్నారు, వాళ్ళ తల్లిదండ్రులున్నారు, ఉన్నా ఏడ్చాను. యాభై ఏళ్ళు దాటాక, తమ్ముడు నన్ను చూస్తూ పెరిగాడన్న సంగతి నాకు ఆరోజు తెలిసింది. ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ చకోరంలా కాచుకుని ఉన్నానని చెప్పను గానీ, విన్నాక మాత్రం అది లేకుండా ఇంతకాలం ఎట్లా ఉన్నానా అనిపించింది.

ఆ రోజుతో ఆగి ఉంటే బాగుండేది. తమ్ముడు ఇంటికి వచ్చి కూడా మాట్లాడాడు. మర్నాడూ మాట్లాడాడు. పండ్లు గుట్టగా ఉన్నాయి, పాడైపోతాయని మరదలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టేది. వాడు తింటూ మాట్లాడేవాడు. వాళ్ళ పెళ్ళినాటి సంగతులు, పక్కింటివాళ్ళ సంగతులు, సముద్రం రంగు మీద తన అభిప్రాయాలు. నీ కిడ్నీ నాలో కూడా తిడతా ఉండాది అక్కా అని నాతో చెప్పి నవ్వేవాడు. నిద్రపోవడం మానేశాడు. వాడు నిద్రపోవడం లేదు, డాక్టరుకు ఫోన్ చేద్దామని నేనంటే మరదలు ఒప్పుకోలేదు. "మొగుడు మాట్లాడతాడా అని ఇన్నేళ్ళు కాచుకోనుండినా వదినా. నన్ను కొన్నాళ్ళు విననీ" అంది. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. వినడానికి నాకూ బాగానే ఉంది.

సంఘం వాళ్ళు శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వాడిని పిలిచారు. చేతులు వణికేకొద్దీ జనం పెరిగారు. బోగోలు నుంచి, కావలి నుంచి కూడా వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరికే రారు కదా, పంపర పనస తెచ్చారు. ఒకరోజు వాడు ఒడ్డుకు వెళ్ళి, రేపు పెనుతుఫాను, ఎవరూ సముద్రంలోకి పోవద్దు అని చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాట అనని మనిషి చెప్పాడని మత్స్యకారులు నిజంగానే పోలేదు. మర్నాడు సముద్రం చెరువులా పడుకుంది. వాళ్ళు బోట్ల నీడన పేకాడుకున్నారు. తుఫాను వాడి ప్రార్థనకు దారి మళ్ళిందని సాయంత్రానికి తేల్చారు. తుఫాను వచ్చి ఉంటే వాడు ముందే చెప్పాడనేవాళ్ళు. ఇంత తేలికైన ప్రశ్నపత్రం నేను నా సర్వీసులో చూడలేదు.

తర్వాత వాడు గోడతో మాట్లాడటం మొదలుపెట్టాడు. గోడ మీద ఏవో అక్షరాలు పాకుతున్నాయట, వాటిని వరసలో నిలబెట్టడానికి వేలితో నెట్టేవాడు. నిలబడకపోతే కోప్పడేవాడు. భార్యను చూసి ఎవరమ్మా నువ్వు అన్నాడు. అప్పుడు మరదలు భయపడింది. ఇన్నేళ్ళు మాట్లాడకపోయినా ఆ మనిషి నా మనిషే వదినా, ఈయన ఎవరో నాకు తెలియడం లేదు అని నా దగ్గర కూర్చుని ఏడ్చింది.

ఆ వారంలోనే వాడు ఒక ప్రకటన చేశాడు. తనకు సంపూర్ణ స్వస్థత కలిగింది కాబట్టి, వచ్చే ఆదివారం మాత్రల డబ్బాను కానుక సంచీలో వేసేస్తాడట. సంఘంలో కొందరు చప్పట్లు కొట్టారు. నేను తిన్నగా అయ్యగారింటికి వెళ్ళాను. ఆయన మంచివాడే. విశ్వాసానికి అడ్డం పడితే ఒక తంటా, పడకపోతే ఒక తంటా అని ముందు కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు మాట్లాడాడు. ఆయన వెనక అలమారాలో ఆయన మాత్రలు కనిపిస్తున్నాయి.

"అయ్యగారూ, ఆదివారం ఆ సంచి మీ దగ్గరికి గూడా వస్తుంది గదా. మీ షుగరు మాత్రలు అందులో ఎయ్యండి, నేను మా తమ్ముడివి ఏపిస్తా" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి అలమారా తలుపు మూశాడు. కోపం రాలేదు, అది ఆయన గొప్పతనం. చివరికి ఆయనే ఒక ఉపాయం చెప్పి, మా ఇంటికి వచ్చి తమ్ముడి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. నీ పరిచర్య ఇక్కడ కాదు నాయనా, నీకు ఆపరేషన్ చేసిన ఆ డాక్టర్లకు సాక్ష్యం చెప్పు, మాత్రలు వాళ్ళ చేతికే ఇవ్వు అన్నాడు. తమ్ముడు సంతోషంగా బయల్దేరాడు. దారిలో వేసుకోవాల్సిన మాత్రలు దారి ప్రయాణానికి అయ్యగారు ఆశీర్వదించినవని చెప్పి వేయించాం. అబద్ధాలాడటం మా వంశానికి ఎట్లాగూ అలవాటే.

డాక్టర్ల దగ్గరికి చేతులూపుకుంటూ పోకూడదని సంఘం వాళ్ళు ఒక గోనెసంచీ నిండా పంపర పనసలు కట్టించారు. పొద్దున్నే బిట్రగుంటలో ముగ్గురం రైలెక్కాం. పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ తమ్ముడు సాక్ష్యం చెప్పాడు. సూళ్లూరుపేట దగ్గర తూర్పు వైపు చెయ్యి చూపించి, ఆ రాకెట్ల మీద పేర్లు రాయడానికి తనను పిలవబోతున్నారని, అలల అక్షరాలు కుదరవని చెప్పేశానని అన్నాడు. ఒకాయన సీటు మారి కూర్చున్నాడు. నేను సంచీ మీద కాళ్ళు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నా తమ్ముడు ఎదురుగా కూర్చుని గలగలా మాట్లాడుతుంటే, నాకు నా తమ్ముడి మీద బెంగగా ఉంది.

ఆసుపత్రిలో రక్తం తీసుకుని కూర్చోమన్నారు. హాల్లో వాడు ఒక మాట మధ్యలో ఆగిపోయాడు. కళ్ళు పైకి పోయాయి, ఒళ్ళు బిగుసుకుపోయింది, కుర్చీలోంచి జారి ఫిట్స్‌తో కొట్టుకున్నాడు. చుట్టూ జనం మూగారు, ఎవరో తాళాలు చేతిలో పెట్టమన్నారు. నేను వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాను. వాడు పోతున్నాడనుకున్నాను. ఏ మాటా వద్దు, ఇంకెప్పుడూ మాట్లాడకపోయినా ఫర్వాలేదు, ఉంటే చాలు అని దేవుడితో బేరమాడాను. నర్సులు వచ్చి లోపలికి తీసుకెళ్ళారు.

సాయంత్రం డాక్టరమ్మ మా దగ్గరికి వచ్చింది. కిడ్నీ బాగుందట. రక్తంలో ఆ మందు మాత్రం ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువగా ఉంది, అది మెదడు మీద పనిచేసింది, వణుకు, నిద్రలేమి, మాటలు, ఫిట్స్ అన్నీ దానివల్లేనంది. మాత్రలు ఎక్కువ వేశారా అని అడిగింది. మరదలు డబ్బా తెరిచి చూపించింది, మాత్రల లెక్కలో తేడా లేదు. డాక్టరమ్మ తల పట్టుకుంది. ఆమెను చూస్తే జాలేసింది. మర్యాదకు సమయం కాదని తెలిసినా, తెచ్చినది ఇవ్వకపోతే బాగుండదని గోనెసంచీ మూతి విప్పి, పెద్ద కాయ ఒకటి ఏరి ఆమె ముందు పెట్టాను.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. తేలును చూసినట్టు చూసింది. ఇది ఈయన తింటున్నాడా అని మెల్లగా అడిగింది.

"పండగ నుంచీ రోజూనమ్మా. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. మీరు చెప్పినట్టే, తొక్క దళసరి" అని మరదలు గర్వంగా చెప్పింది.

డాక్టరమ్మ అక్కడే బల్ల మీద కూర్చుంది. ఆమె చెప్పిన గ్రేప్‌ఫ్రూట్‌కు ఇది సొంత తల్లి లాంటిదట. ఈ పండ్ల రసం కడుపులోకి పోతే, ఒంట్లోకి వచ్చిన మందును విరగ్గొట్టే పని ఆగిపోతుంది. మడిలోకి నీళ్ళు వచ్చే తూము తెరిచే ఉంది, బయటికి పోయే తూము మూసుకుపోయింది, అంతేనా అని నేనడిగాను. అంతేనంది. ఎవరినీ తిట్టలేదు. ఇకమీదట జాగ్రత్తలు చెప్పేటప్పుడు ఈ పండు బొమ్మ కూడా చూపిస్తానంది. సంచీని వార్డు బయట పెట్టించింది.

మందు కొన్నాళ్ళు ఆపి, మళ్ళీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. మానసిక వైద్యుడు కూడా వచ్చి చూశాడు. మీకు చెవిలో ఎవరైనా మాట్లాడుతున్నట్టు ఉందా అని అడిగితే, ముందురోజు దాకా ఏది అడిగినా చాలా పెద్ద జవాబు చెప్పిన మా తమ్ముడు, ‘ఊఁహూఁ’ అన్నాడు. మరదలు నా చెయ్యి నొక్కింది. గ్లాసులో నీళ్ళ మీద రింగులు తగ్గుతూ వచ్చాయి. నేను ఆ డాక్టరును పక్కకు పిలిచి, పండుగ నుంచీ వాడు మాట్లాడిందంతా మందు మాటేనా అని అడిగాను. చాలావరకు అంతేనమ్మా, ఏది ఆయనది, ఏది మందుది అని మేము విడదీసి చెప్పలేం అన్నాడు. ఎందుకు అడుగుతున్నారని అడిగితే ఊరికేనన్నాను.

తమ్ముడు బాగైనందుకు సంతోషించాను, అది నిజం. ఆ చేపముక్క మాట కూడా తుఫాను, రాకెట్ల పక్కనే పడిపోయిందేమోనని ఏడుపొచ్చింది, అదీ నిజం. దేవుడితో నేనాడిన బేరం నాకు గుర్తుంది. ఉంటే చాలన్నాను, ఉన్నాడు. ఇంకా ఏదో కావాలని అడగడానికి నాకు మొహం లేదు.

ఊరికి వచ్చాక వాడు చివరి వరుసకు, చెప్పుల పక్కకు వెళ్ళిపోయాడు. సంఘానికి ఇది మింగుడు పడలేదు. అయ్యగారు ఆదివారం నిలబడి, వైద్యమూ దేవుడి వరమేనని, ఎవరూ మాత్రలు మానకూడదని విడమరిచి చెప్పాడు. అయినా స్తోత్రం చెప్పిన ముసలావిడ నన్ను మెట్ల దగ్గర ఆపింది. ఒక్క తొన పెడితే ఏంగాదు గదా టీచరమ్మా, ఆదివారానికి మాత్రమే అంది. ఆవిడను కోప్పడలేకపోయాను. ఆ ఆలోచన నాకూ ఒకసారి వచ్చింది.

వేసవి సెలవుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం క్యారియరు తీసుకుని ఒడ్డుకు వెళ్ళాను. తమ్ముడు ఒక కొత్త బోటుకు పేరు రాస్తున్నాడు. చెయ్యి దాదాపు మామూలైంది. అక్షరం మొదలుపెట్టేముందు ఒక్క క్షణం ఆగుతాడు, అంతే. పక్కనే అలల అక్షరాల బోటు ఉంది. దాన్ని సరిచేస్తానని వీడు అడిగితే, ఆ పేరు రాసినప్పటి నుంచీ చేప బాగా పడుతోంది, ముట్టుకుంటే ఊరుకోనని యజమాని చెప్పాడట. నేను ఆ బోటు నీడలో కూర్చుని వాడి చేతినే చూశాను. సున్నా గుండ్రంగా వచ్చింది.

ఇక ఉండబట్టలేక అడిగేశాను. "కోతల పండగ నాడు చర్చిలో ఏం చెప్పినావో గుర్తుండాదా నీకు?"

వాడు బ్రష్షు ఆపలేదు. ‘ఊఁ’ అన్నాడు. తర్వాతి అక్షరానికి తలకట్టు పెట్టాడు. ఇక అంతేననుకుని క్యారియరు మూత తీయబోయాను.

"తుపానూ, రాకెట్లూ, మాత్రల మాటా, మిగతాయన్నీ వెనక్కి తీసుకుంటా అక్కా" అన్నాడు. "అదొక్కటి ఉండనీ."

మా ఇంట్లో ఆరోజుకు మాట్లాడటం వాడి వంతు అయిపోయింది, నేను క్యారియరు గిన్నెలు విప్పి పెట్టాను. వాడు అక్షరం పూర్తిచేసి, చేతులు కిరసనాయిలుతో తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. క్యారియరులో వంజరం పులుసు ఉండి ఉంటే ఈ కథకు చక్కగా కుదిరేది. నేను ఆరోజు వంకాయ కూర వండుకెళ్ళాను. ఇద్దరం తిన్నాం.